మా తాత ఓడ కాంతి లోపే నడుస్తుంది

మా తాత బుల్లియ్యకి ఒక్కటే పట్టుదల. ఏదీ కాంతి కంటే వేగంగా వెళ్ళకూడదు. వెళ్ళడం కుదరదని కాదు, వెళ్ళకూడదు. వెళ్తే ఆయన ఊరుకోడు.

ఇదేదో సైన్సు మాస్టారి పట్టుదల అనుకునేరు. తాత చదివింది ఐదో తరగతి. ముప్ఫై నాలుగేళ్ళు నరసాపురం రేవులో పంటు ఇంజను తోలాడు. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి, నడుమ గోదావరి. మోటారు సైకిళ్ళని, కార్లని, పెళ్ళివారిని, కొబ్బరికాయల బస్తాల్ని, ఒకసారి దారి తప్పిన గేదెని కూడా దాటించాడు. మోకాళ్ళు మొరాయించి పంటు మానేశాక మా నాన్న తన పాత ఫోను ఆయన చేతికిచ్చాడు. అందులో గ్రహాంతరవాసుల సినిమాలు దొరికాయి. ఇంక చూసుకోండి.

సినిమా ఏదైనా ఓడ మాత్రం ఒక్కలాగే వెళ్ళేది. జుయ్‌మని ఒక గీత, ఒక మెరుపు, మాయం. తాత ఫోను మంచమ్మీద బోర్లించేసేవాడు.

"అవతలి రేవు కనపడకుండా ఆ తోలడం ఏంటే? ఎదురుగా ఇంకో ఓడ వస్తే? లోపల పిల్లాజెల్లా ఉంటారు కదా!"

"సినిమా తాతా."

"సినిమా అయితే మాత్రం తోలేవాడికి బుద్ధుండక్కర్లేదా?"

చివరికి ఈ సినిమావాళ్ళని నమ్ముకుని లాభం లేదని, తనే ఒక లాంగ్ నోటుబుక్కు కొనుక్కొచ్చి కథ రాయడం మొదలెట్టాడు. అందులో గ్రహాంతరవాసుల పేరు ఎగువోళ్ళు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి వరదైనా, ఒండ్రైనా, కొట్టుకొచ్చే దుంగైనా ఎగువ నుంచే వస్తాయి. వీళ్ళు మాత్రం ఇంకెక్కడినుంచి వస్తారు? వాళ్ళ ఓడకి నిప్పు లేదు, పొగ లేదు, డీజిలు లేదు. చుక్కల్లోంచి వచ్చే వెలుగు ఒక పెద్ద తెర మీద పడి ఓడని నెడుతుంది. అదే ఇంజను.

"వెలుగు నెడుతుందా?" అని టీకొట్టు దగ్గర లోవరాజు తాత అడిగాడు. పంటు మీద టిక్కెట్లు కొట్టినాయన. మా తాత ఏం చెప్పినా కాదనడమే ఆయనకి కాలక్షేపం.

"నెట్టదూ మరి? పొద్దున్నే ఎండ మొహమ్మీద పడితే నువ్వు మంచం దిగట్లేదా?"

"నన్ను మా ఆవిడ నెడితే దిగుతాను."

"సరే, అదే తీసుకో. మీ ఆవిడ ఎంత జోరుగా నెడితే అంతే జోరుగా దిగుతావు. ఆవిడ చేతికంటే ముందు నువ్వు వెళ్ళలేవు కదా. నా ఓడా అంతే. వెలుగు నెట్టే ఓడ వెలుగుని దాటిపోదు. వరదలో పడ్డ దుంగ వరదకంటే ముందు సముద్రంలో కలిసిందని ఎక్కడైనా విన్నావా?"

లోవరాజు తాత టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి అక్కణ్ణించి ఇక్కడికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాలుగొందలేళ్ళు."

"నాలుగొందలేళ్ళు లోపల కూర్చుని ఏం చేస్తారయ్యా?"

"పంటు మీద జనం ఏం చేసేవారు? కబుర్లు చెప్పుకుంటారు."

ఈ సిద్ధాంతం నోటుబుక్కులోనే ఉండిపోతే బాగుండేది. వీధిలోకి వచ్చింది. ఆటో ఎక్కగానే డ్రైవరు భుజం తట్టి "కాంతి లోపే పోనీ బాబూ" అనేవాడు. "నా బండి నలభై దాటదండి" అని ఆ అబ్బాయి చెబితే గానీ సుఖంగా వెనక్కి వాలేవాడు కాదు. పెళ్ళిలో వడ్డన ఆలస్యమై అందరూ విసుక్కుంటుంటే, "కంగారు పడకండర్రా, పులిహోర కాంతి లోపే వస్తోంది" అని సర్దిచెప్పేవాడు. ఇంటర్ ఫిజిక్సు నాకు రెండోసారి పోయిన రోజున ఇంట్లో అందరూ వరసగా తిట్టి అలిసిపోయాక, తాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "దీని చదువు కూడా కాంతి లోపే నడుస్తోంది. భద్రంగా చేరుతుంది" అన్నాడు. అది ఓదార్పో వెక్కిరింపో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇక్కడ మా నానమ్మ సంపూర్ణమ్మ సంగతి చెప్పాలి.

మా వీధిలో లేసు అల్లని ఆడవాళ్ళు లేరు. అన్నాలయ్యాక అరుగుల మీద చేరితే వేళ్ళ పని వేళ్ళది, నోళ్ళ పని నోళ్ళది. వలలో ఉండే కంతని మావాళ్ళు కన్ను అంటారు, మా ఇంట్లో లేసుకీ అదే మాట. నానమ్మ అల్లిన బల్లగుడ్డలో వెయ్యి కన్నులుంటే వెయ్యీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉండేవి. దారం ఇచ్చి, అల్లినవి పట్టుకెళ్ళే ఏజెంటు సురేష్‌బాబు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆవిడ అల్లిక చూపించి "ఇదిగో, ఇలా రావాలి" అనేవాడు. ఆ మాట విననట్టు నటించడంలో కూడా నానమ్మకి మంచి పేరు.

పోయిన చలికాలంలో ఆవిడ కుడిచేతి వేళ్ళకి వణుకు పట్టుకుంది. ఆ వణుకుతోనే ఒక గుండ్రటి బల్లగుడ్డ పూర్తిచేసి ఇచ్చింది. నెల తిరక్కుండా సురేష్‌బాబు దాన్ని వెనక్కి పట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పులు చూసుకుంటూ మాట్లాడాడు.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. ఫారినోళ్ళు అద్దం పెట్టి మరీ చూస్తారండి. కన్నులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని పంపేశారండి."

నానమ్మ గుడ్డ మడిచి, లేసు సూది అందులోనే గుచ్చి, ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. ఆ మధ్యాహ్నం అరుగు మీదకి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడు వారాలు గడిచాయి, రాలేదు.

మమ్మల్ని భయపెట్టింది అది కూడా కాదు. ఆవిడ తాతని తిట్టడం మానేసింది.

యాభై ఏళ్ళుగా పొద్దున్న కాఫీ, తిట్లు కలిపి పుచ్చుకున్న మనిషి ఆయన. ఉత్త కాఫీ వంటబట్టలేదు. కావాలని బురద కాళ్ళతో వంటింట్లోకి నడిచాడు. నానమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. తడి తువ్వాలు దేవుడి పటం మేకుకి తగిలించాడు. తీసి దండెం మీద వేసింది. ఆఖరికి వేడి టీ లుంగీ మీద ఒలకబోసుకున్నాడు.

తాత అరుగు మీదకి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"కాలిందా అని అడిగిందే ఉషా!"

"మంచిదేగా తాతా."

"మంచిదేంటే, నీ మొహం! నన్నెప్పుడైనా అలా అడిగిందా?"

ఆ వారంలోనే నా ఫోనుకి ఒక నోటీసు వచ్చింది. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పెడుతున్న ప్రదర్శన. గ్రహాంతరవాసుల వాహనం ఎలా ఉంటుందో ఊహించి నమూనా చేసి తీసుకురావాలి, ఎవరైనా రావచ్చు, వయసుతో పనిలేదు. తాతకి చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, "బోర్డు మీద పేరు రాస్తారా?" అని అడిగాడు. "రాస్తారు" అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన తోలిన పంటు మీద పెద్ద పెద్ద అక్షరాల్లో రేవుని వేలంలో పాడుకున్న పాటదారు పేరే ఉండేది. ఇంజను గదిలో మసి మీద వేలితో "బుల్లియ్య" అని రాసుకుంటే మర్నాటికి తుడుచుకుపోయేది.

ఓడ నాలుగు రోజుల్లో తయారైంది. చేపల్ని ఐసులో పెట్టి పంపే థర్మాకోలు పెట్టె ఎగువోళ్ళ గది. పంటు నుంచి ఊడొచ్చిన పాత పొగగొట్టం తెరకొయ్య. ఓడలోంచి పండుగప్ప వాసన వస్తోందని నేనంటే, "ఎగువోళ్ళు ఏం తింటారో నీకు తెలుసా?" అని నోరు మూయించాడు. ఇంక మిగిలింది తెర.

ఆ సాయంత్రం ఆయన నోటుబుక్కు పట్టుకుని నానమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సంపూర్ణం, నా ఓడకి తెర కావాలి. ఎనిమిది అడుగులు. లేసుది."

"బజార్లో దోమతెరలు అమ్ముతున్నారు, కొనుక్కో."

"దోమతెర పనికిరాదు. దాని కన్నులన్నీ సమానంగా ఉంటాయి."

నానమ్మ తలెత్తింది. తాత గబగబా నోటుబుక్కు తెరిచాడు.

"కన్నులన్నీ సమానమైతే వెలుగు మొత్తం ఒక్కసారే పట్టుకుంటుందన్నమాట. ఓడ అదిరిపోతుంది. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది, అక్కడక్కడా ఒకటి బాగా జారిపోయినది ఉండాలి. వాటిల్లోంచి కాస్త వెలుగు జారుకుంటుంది. అదే బ్రేకు. అప్పుడే ఓడ కాంతి లోపు నడుస్తుంది."

"వేళాకోళమా?"

"ఒట్టు! ఇదిగో, రాశాను చూడు. అలాంటి తెర అల్లడం తేలిక కాదు. చెయ్యి తిరిగినవాళ్ళకి కన్ను తప్పమన్నా తప్పదు. వీధిలో అందరినీ అడిగాను, మావల్ల కాదన్నారు."

వీధిలో ఆయన ఎవరినీ అడగలేదు. నాకు తెలుసు. నేను నోరెత్తబోతే నా కాలు తొక్కాడు.

నానమ్మ చాలాసేపు ఆయన వంక చూసింది. తర్వాత కుడిచెయ్యి చూసుకుంది. లేచి ట్రంకుపెట్టె తెరిచింది.

ఆరు వారాలు పట్టింది తెరకి. మొదటి రోజుల్లో గదిలో తలుపు వేసుకుని అల్లింది. రెండోవారం గుమ్మంలోకి వచ్చింది. మూడోవారం అరుగు మీద పాత జాగాలో కూర్చుంది. పక్కింటావిడ తొంగిచూసి "ఇదేం అల్లిక సంపూర్ణక్కా, ఇలా ఉంది?" అంటే, "ఇది నీకు అర్థం కాదులే. ఇంజను" అని చెప్పింది. ఆ రోజే తాత పొరపాటున, నిజంగా పొరపాటునే, బురద కాళ్ళతో లోపలికి వచ్చాడు.

"ఆ కాళ్ళేంటయ్యా? మనిషి కాళ్ళా, గేదె కాళ్ళా? ఇప్పుడే కదా తుడిచి చచ్చాను!"

తాత గుమ్మంలో ఆగిపోయాడు. పాట వింటున్నట్టు తలాడించాడు. ఇంకో నాలుగు అడుగులు లోపలికి వేశాడు.

ప్రదర్శన రోజున ముగ్గురం భీమవరం రైలెక్కాం. తెర వెదురు బొంగుకి చుట్టి తాత భుజాన పెట్టుకున్నాడు. పెట్టె నా నెత్తిన. నానమ్మ పట్టుచీర కట్టుకుంది. ఎదురు సీటులో ఒకావిడ తెర అంచు పట్టుకుని చూసి, "కిటికీకా అండి?" అంది.

"ఓడకండి."

"ఏ ఓడకండి?"

"ఇంకా రాలేదండి. నాలుగొందలేళ్ళు పడుతుంది."

ఆవిడ వీరవాసరం దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

కాలేజీలో కార్తీక్ అనే కుర్రాడు ఎదురొచ్చి మమ్మల్ని ముందు వరండాలో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. లోపల హాల్లో నీలం లైట్లు, తిరిగే చక్రాలు, పొగలు కక్కే ఓడలు. వాటిలో కాంతిని దాటేవి పదకొండున్నాయి. తాత ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి "రేవులో ఎలా ఆపుతారు బాబూ?" అని అడిగి వచ్చాడు. ఒక్కళ్ళూ చెప్పలేదట. ఆయనకి చాలా సంతోషం కలిగింది.

పన్నెండింటికి లెక్చరరు త్రినాథరాజు గారు వచ్చారు. పెట్టె వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. తాత చెప్పిందంతా విని మళ్ళీ రెండడుగులు ముందుకి వేశారు.

"బావుందండీ! ఇవాళ చూసినవాటిలో సొంత బుర్రతో చేసింది ఇదొక్కటే. దీన్ని స్టేజి మీద పెడదాం. మీ పేరు బోర్డు మీద రాయిస్తాను. ఇక్కణ్ణించి విజయవాడ కూడా పంపిద్దాం." ఆయన తెర దగ్గరికి వంగారు. "ఒక్క చిన్న సంగతండి. ఈ తెర మార్చాలి. కన్నులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి కదా. మా ల్యాబులో గంటలో పల్చటి షీటు కోసి ఇస్తారు, అన్నీ సమానంగా వస్తాయి."

కన్నులు ఎగుడుదిగుడు. సురేష్‌బాబు అన్నవీ అక్షరాలా ఆ మాటలే.

నానమ్మ కుర్చీలో కూర్చునుంది. ఆవిడ కుడిచెయ్యి మెల్లగా చీర చెంగు కిందకి వెళ్ళిపోయింది. తాత అది చూశాడు. స్టేజి వైపు కూడా చూశాడు. అక్కడ కార్తీక్ అప్పుడే తెల్లబోర్డు, స్కెచ్ పెన్ను పట్టుకుని "పేరు చెప్పండి తాతగారూ" అని సిద్ధంగా ఉన్నాడు.

"మార్చడం కుదరదండి" అన్నాడు తాత.

"అయ్యో, ఓడ మీదేనండి. తెర ఒక్కటే..."

"తెరే ఓడండి. మిగతాది చేపల పెట్టె."

నేను వెనకనుంచి చొక్కా లాగాను. "ఒప్పుకో తాతా! పేరు రాస్తారట!"

తాత నా చెయ్యి విదిలించాడు. "అయ్యా, నేను చదువుకోలేదు గానీ ఒకటి చెబుతాను వినండి. ఒకసారి మా పంటు మీద పెళ్ళి బ్యాండువాళ్ళు ఎక్కారు. నది మధ్యలో ఉండగా వాళ్ళకి హుషారొచ్చి అందరూ ఒకే తాళానికి గెంతడం మొదలెట్టారు. పంటు ఊగింది చూడండి! పెళ్ళికొడుకు వాంతి చేసుకున్నాడు. రోజూ అంతకి రెట్టింపు జనం ఎక్కుతారు, ఏమీ కాదు. ఎందుకంటే ఒకడు కూర్చుంటాడు, ఒకడు నడుస్తాడు, ఒకడు గోక్కుంటాడు. తలో దారి. మీ షీటులో కన్నులన్నీ సమానం. వెలుగు బ్యాండుమేళంలా ఒకే తాళానికి గెంతుతుంది. చిరుగుతుంది. ఇందులో ఏ కన్నూ ఇంకోదానిలా లేదు. నాలుగొందలేళ్ళు నిలబడేది ఇదేనండి. ఇలాంటిది మిషను అల్లలేదు. చెయ్యే అల్లాలి. అదీ ఈవిడ చెయ్యే."

త్రినాథరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని తెర వంక మళ్ళీ చూశారు.

"బాబాయిగారూ, ఇది తీసిపారేసే మాట కాదండి. అదురు తగ్గించడానికి మేమూ కొన్నిచోట్ల కావాలనే కొలతలు తప్పిస్తాం." ఆయన నానమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇది అల్లడం కష్టమేనా?" అని అడిగారు.

"మామూలు చేతులకి కష్టమేనండి" అంది నానమ్మ. కుడిచెయ్యి చెంగులోంచి బయటికి వచ్చింది.

అయినా ఓడ స్టేజి ఎక్కలేదు. చూడటానికి నీటుగా ఉన్నవే ఎక్కించాలని పైవాళ్ళ మాటట. కార్తీక్ బోర్డు పట్టుకుని బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయాడు. "ఫరవాలేదండి, వరండాలోనే వెలుగు బాగుంది" అన్నాడు తాత. ఆ వెలుగు తెర కన్నుల్లోంచి పడి నేలమీద రకరకాల చుక్కలేసింది. సాయంత్రందాకా ఆడపిల్లలు వచ్చి వాటి మీద చేతులు పెట్టి ఫొటోలు తీసుకున్నారు. నానమ్మ ప్రతి ఒక్కరికీ బ్రేకు ఎక్కడుందో చూపించింది.

నాకు మాత్రం నెల తిరిగినా కోపం చల్లారలేదు. ఒకరోజు తాత సిద్ధాంతంలో తప్పు పట్టి తీరాలని నోటుబుక్కు మొదట్నుంచీ చదివాను. ఫిజిక్సు పోయినదాన్ని అయితేనేం, తప్పు దొరికింది. సురేష్‌బాబు బల్లగుడ్డ వెనక్కి తేవడానికి రెండు నెలల ముందు, దీపావళి తేదీ వేసి ఉన్న పేజీ అది. "తెర కన్నులు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. తేడా వస్తే ఓడ పక్కకి లాగేస్తుంది. సంపూర్ణం చెయ్యి అయితేనే కుదురుతుంది" అని రాసుంది. దాని మీద పెద్ద అడ్డగీత. పక్కన కొత్త సిరాతో "ఇది తప్పు. కన్నులు ఎలాగున్నా సంపూర్ణం చెయ్యే" అని ఉంది.

పుస్తకం పట్టుకుని అరుగు మీదకి పరిగెత్తాను. నానమ్మ కొత్త తెర అల్లుతోంది. దారి మధ్యలో ఒకటి చిరిగితే ఎగువోళ్ళు ఇబ్బంది పడతారని స్పేరుదట.

"నానమ్మా, ఇది చూశావా?"

ఆవిడ పుస్తకం వంక తలైనా తిప్పలేదు. "దీపావళి పేజీయేనా? ఆయన రాసింది ఆయనకంటే ముందు నేనే చదువుతానే. నువ్వొచ్చి చెప్పాలా? మళ్ళీ తలగడ కింద పెట్టేసేయ్. నేను చూశానని తెలిస్తే సిగ్గుపడి చస్తాడు."

ఆవిడ పక్కన కూర్చున్నాను. వేళ్ళ వంక చూశాను. ప్రదర్శన అయిన వారం భీమవరం తీసుకెళ్ళి చూపిస్తే కొత్త డాక్టరు రాసిన మాత్రలు పనిచేస్తున్నట్టున్నాయి. సూది కదలకుండా నిలబడుతోంది. ఒడిలో అల్లిక వరసగా, ఒక్క అచ్చులో పోసినట్టు వస్తోంది. ఉన్నట్టుండి ఒకచోట మాత్రం రూపాయి బిళ్ళంత కన్ను.

"చెయ్యి బాగానే ఉందిగా, ఇదేంటి?"

నానమ్మ వీధి చివరికి చూసింది. టీకొట్టు నుంచి తాత వస్తున్నాడు, చాలా నెమ్మదిగా.

"పొద్దున్నించీ పాడు చెయ్యి ఒక్క కన్నూ తప్పట్లేదే" అని గొంతు తగ్గించింది. "ఆయన చూస్తే కంగారు పడిపోడూ? ఇంజను మళ్ళీ మొదట్నుంచీ రాసుకోవాలి పాపం."

అని నాలుగు కన్నులు చకచకా అల్లి, నాలుక పంటి కింద పెట్టుకుని, ఐదోదాన్ని ఎంతో జాగ్రత్తగా పాడుచేసింది.